50 కేబీ వెనుక ఉన్న చరిత్ర: ఫైలును కుదించే బాధ్యత ఎవరిది?



నోటిఫికేషన్ రాగానే మనం ముందు సిలబస్ చూస్తాం, తర్వాత ఖాళీల సంఖ్య చూస్తాం. ఫోటో, సంతకం, కుల ధ్రువీకరణ పత్రం ఎన్ని కేబీల్లో ఉండాలో మాత్రం చివరి రోజున చూస్తాం. అప్పటికి పోర్టల్ "ఫైలు సైజు ఎక్కువగా ఉంది" అంటుంది. కుదించి మళ్లీ పెడితే "ఫోటో స్పష్టంగా లేదు" అంటుంది. ఇది మనందరికీ తెలిసిన తిప్పలే. కానీ ఈ చిన్న తిప్పల వెనుక సుమారు 75 ఏళ్ల శాస్త్ర చరిత్ర ఉంది. అందులో ఒక తెలుగు పేరు ఉంది. పాలనకు సంబంధించిన పెద్ద ప్రశ్న కూడా ఉంది.

జనరల్ స్టడీస్ మూడో పేపర్లో సైన్స్ అండ్ టెక్నాలజీ, మేధోసంపత్తి హక్కులు, రెండో పేపర్లో ఈ-గవర్నెన్స్ ఉన్నాయి. ఈ ఒక్క అంశం మూడింటినీ తాకుతుంది. కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

1. నందిని గని చెప్పే తొలి పాఠం

శాస్త్రంలోకి వెళ్లే ముందు మన పక్కనే ఉన్న ఉదాహరణ ఒకటి తీసుకుందాం. ఛత్తీస్‌గఢ్ దుర్గ్ జిల్లాలో, భిలాయికి ఉత్తరాన నందిని సున్నపురాయి గని ఉంది. 1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్ కుదుర్చుకున్న ఒప్పందంతో భిలాయి ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకుంది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఇనుప ఖనిజం దల్లీ-రాజ్‌హరా నుంచి, సున్నపురాయి నందిని నుంచి వస్తాయి. ఉత్తరాంధ్ర నుంచి పని కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పేర్లు ఇంట్లో మాటలే.

గనిలో పేల్చిన బండను బండగానే రైలెక్కించరు. అక్కడే క్రషర్‌లో పగలగొట్టి, జల్లెడ పట్టి, ఫర్నేస్‌కు కావలసిన సైజు ముక్కల్నే పంపుతారు. అక్కరలేనిదాన్ని బయలుదేరే చోటే ఆపేస్తే రవాణా ఖర్చు తగ్గుతుంది. ఇది మొదటి సూత్రం.

రెండో సూత్రం ఫర్నేస్ లోపల ఉంది. ఖనిజంలో ఇనుముతో పాటు సిలికా లాంటి మలినాలు ఉంటాయి. వేడికి సున్నపురాయి కాల్షియం ఆక్సైడ్‌గా మారి, సిలికాతో కలిసి కాల్షియం సిలికేట్ అవుతుంది. అదే చిట్టెం, అంటే స్లాగ్. అది కరిగిన ఇనుము మీద తేలుతుంది కాబట్టి వేరుగా తీసేస్తారు. ఉక్కు కార్మికుడికి చిట్టెం అక్కరలేనిది. సిమెంటు ఫ్యాక్టరీకి మాత్రం అదే ముడిసరుకు. ఒకరికి అక్కరలేనిది మరొకరికి సరుకు అవుతుంది.

ఫైలు కుదింపు కూడా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. ఎక్కడ కుదించాలి? దేన్ని చిట్టెం అనుకోవాలి? ఈ రెండో ప్రశ్నకు జవాబు తప్పితే జరిగే నష్టం ఏమిటో ముందు ముందు చూస్తారు.

2. కంప్యూటర్ కంటే ముందే ఉన్న కుదింపు

"అచ్చులు, హల్లులు" అనే మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో ఎప్పుడైనా ఆలోచించారా? పాణిని వ్యాకరణంలో 14 మాహేశ్వర సూత్రాలు ఉన్నాయి. వాటిలో ఒక అక్షరాన్నీ, ఆ తర్వాత వచ్చే ఒక గుర్తు అక్షరాన్నీ జతచేస్తే మధ్యలో ఉన్న అక్షరాలన్నిటికీ అదే పేరు అవుతుంది. దీన్ని ప్రత్యాహారం అంటారు. "అచ్" అంటే స్వరాలన్నీ, "హల్" అంటే వ్యంజనాలన్నీ. ఒక్కసారి పట్టిక తయారుచేసుకుంటే, ఆ తర్వాత ప్రతిసారీ మొత్తం జాబితా చెప్పనక్కరలేదు. రెండక్షరాలు చాలు. సుమారు 4,000 సూత్రాల్లో సంస్కృత వ్యాకరణం ఇమిడిందంటే ఇలాంటి పొదుపే కారణం. మనం ఒకటో తరగతిలో నేర్చుకున్న మాటలు ఒక కుదింపు పద్ధతికి గుర్తులన్నమాట.

తర్వాత టెలిగ్రాఫ్ వచ్చింది. మన దేశంలో 1850లో కలకత్తా, డైమండ్ హార్బర్ మధ్య ప్రయోగాత్మకంగా మొదలైంది. మోర్స్ కోడ్‌లో ఇంగ్లిష్‌లో ఎక్కువగా వచ్చే 'ఈ' అక్షరానికి ఒకే ఒక చుక్క, అరుదుగా వచ్చే 'క్యూ' అక్షరానికి నాలుగు గుర్తులు. తరచుగా వచ్చేదానికి చిన్న సంకేతం, అరుదైనదానికి పెద్ద సంకేతం ఇవ్వాలన్న ఆలోచన ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. మాటకు ఇంత అని ఛార్జీ కాబట్టి జనం కూడా మాటలు కుదించడం నేర్చుకున్నారు. పండుగలకూ పెళ్లిళ్లకూ పంపే శుభాకాంక్షలకు తపాలా కార్యాలయంలో అంకెల జాబితా ఉండేది. తీగ మీద అంకె వెళ్లేది, అవతల పూర్తి వాక్యం చేతికందేది. 2013 జూలైలో ఆ సేవ ముగిసింది. ఆ పద్ధతి మాత్రం నేటి జిప్ ఫైలులో బతికే ఉంది.

3. షానన్ కొలత, హఫ్‌మన్ టర్మ్ పేపర్

కుదింపును గణితంగా మార్చినవాడు క్లాడ్ షానన్. 1948లో బెల్ సంస్థ సాంకేతిక పత్రికలో వచ్చిన ఆయన వ్యాసం సమాచారానికి ఒక కొలత ఇచ్చింది. దాన్ని ఎంట్రోపీ అన్నారు. ముందే ఊహించగలిగిన విషయంలో సమాచారం తక్కువ. ఊహించలేనిదానిలో ఎక్కువ. ఒక సందేశాన్ని దాని ఎంట్రోపీ కంటే కిందికి నష్టం లేకుండా కుదించలేమని ఆయన నిరూపించారు. "ఎంత కుదించవచ్చు" అన్న ప్రశ్నకు అలా హద్దు తేలింది.

తర్వాతి కథ పరీక్ష రాసేవాళ్లకు నచ్చుతుంది. 1951లో అమెరికాలోని ఎంఐటీలో రాబర్ట్ ఫానో అనే ఆచార్యుడు విద్యార్థులకు రెండు దారులు ఇచ్చారు: ఫైనల్ పరీక్ష రాయండి, లేదా టర్మ్ పేపర్ ఇవ్వండి. డేవిడ్ హఫ్‌మన్ టర్మ్ పేపర్ ఎంచుకున్నారు. ఇచ్చిన సమస్య, అక్షరాలకు అతి పొదుపైన సంకేతాలు కనిపెట్టడం. ఫానో, షానన్ ఇద్దరూ పై నుంచి కిందికి విడగొడుతూ ప్రయత్నించారు. హఫ్‌మన్ కింది నుంచి పైకి, అతి అరుదైన రెండింటిని జతచేస్తూ వెళ్లి సరైన పరిష్కారం సాధించారు. 1952లో అది ప్రచురితమైంది. నేటికీ దాదాపు ప్రతి జేపెగ్ ఫోటోలో, దాదాపు ప్రతి జిప్ ఫైలులో ఆ పద్ధతి పనిచేస్తూనే ఉంది.

4. నష్టరహిత కుదింపు, పేటెంట్ గొడవ

కుదింపు రెండు రకాలు. విప్పినప్పుడు అసలు ఫైలు ఒక్క బిట్ కూడా తేడా లేకుండా తిరిగి వస్తే అది నష్టరహితం. కొంత సమాచారం శాశ్వతంగా పోతే అది నష్టసహితం. ప్రిలిమ్స్‌కు ఈ తేడా గట్టిగా గుర్తుంచుకోండి.

1977, 1978 సంవత్సరాల్లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు అబ్రహాం లెంపెల్, జాకబ్ జివ్ రెండు వ్యాసాలు ప్రచురించారు. వాళ్ల ఆలోచన సులువైనదే: ఒకసారి వచ్చిన మాట మళ్లీ వస్తే, మళ్లీ రాయకుండా "వెనక ఇంత దూరంలో ఉంది, ఇంత పొడవు తీసుకో" అని సూచిస్తే చాలు. 1984లో టెర్రీ వెల్చ్ దాన్ని మెరుగుపరిచారు. ఆ రూపమే గిఫ్ బొమ్మల్లోకి వెళ్లింది.

ఇక్కడే మేధోసంపత్తి హక్కుల పాఠం వస్తుంది. వెల్చ్ పద్ధతిపై పేటెంట్ యూనిసిస్ కంపెనీ చేతిలో ఉంది. అప్పటికే లోకమంతా గిఫ్ వాడుతుండగా, 1994 చివర్లో రుసుము సంగతి బయటికొచ్చింది. దానికి జవాబుగా పేటెంట్ బెడద లేని పీఎన్‌జీ పద్ధతిని కొందరు స్వచ్ఛందంగా తయారుచేశారు. 1996లో అది ప్రమాణంగా వెలువడింది. అమెరికాలో ఆ పేటెంట్ గడువు 2003లో ముగిసింది. బహిరంగ ప్రమాణాల మీద ప్రశ్న వస్తే ఈ ఉదాహరణ వాడుకోవచ్చు.

5. ఫోటోను కుదించిన భారతీయులు

అక్షరాలకు జిప్ పనికొస్తుంది. ఫోటోకు అంతగా పనికిరాదు. ఎందుకంటే ఫోటోలో పక్కపక్క పిక్సెళ్లు దాదాపు ఒకేలా ఉంటాయి తప్ప అచ్చంగా ఒకేలా ఉండవు. కాబట్టి మరో దారి కావాలి.

ఆ దారి చూపినవాళ్లు ముగ్గురు. బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్ అప్పుడు కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు. టి. నటరాజన్ ఆయన దగ్గర పరిశోధక విద్యార్థి. మూడో వ్యక్తి కె.ఆర్. రావు, అంటే కామిశెట్టి రామమోహనరావు. ఇంటిపేరే చెబుతోంది కదా. 1952లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో పట్టా పుచ్చుకుని, అమెరికా వెళ్లి, 1966లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పూర్తిచేశారు. అహ్మద్ కూడా అదే ఏడాది అక్కడే డాక్టరేట్ పొందారు. 1966 నుంచి రావు దశాబ్దాల పాటు టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్‌లో బోధించారు. 2021 జనవరిలో కన్నుమూశారు.

1972లో అహ్మద్ తన ఆలోచనకు నిధులు కోరుతూ అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్‌కు ప్రతిపాదన పంపారు. నిధులు రాలేదు. ఆలోచన మరీ సులువుగా ఉందని ఒక సమీక్షకుడు అభిప్రాయపడినట్టు అహ్మద్ తర్వాత రాసుకున్నారు. అయినా పని ఆపలేదు. 1974 జనవరిలో ముగ్గురి పేర్లతో "డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్" వ్యాసం వెలువడింది. పరిశోధనలకు నిధుల గురించి వ్యాసం రాయాల్సి వస్తే ఈ ఘట్టం మరిచిపోకండి.

దాని పనితీరు ఇలా ఉంటుంది. ఫోటోను 8 పిక్సెళ్ల పొడవు, 8 పిక్సెళ్ల వెడల్పు గల గళ్లుగా విడగొడతారు. ఒక్కో గడిలో 64 విలువలు. మీ నుదుటి మీద ఒక గడి అనుకోండి. 64 విలువలూ దాదాపు ఒకటే. ఈ గణితం ఆ 64 విలువలను సగటు వెలుగు, నెమ్మది మార్పులు, వేగమైన మార్పులు అనే 64 సంఖ్యలుగా తిరగరాస్తుంది. అసలు విషయమంతా మొదటి కొద్ది సంఖ్యల్లోనే చేరిపోతుంది. మిగిలినవి సున్నాకు దగ్గరగా ఉంటాయి. వాటిని సున్నా చేసేసి, మిగిలినవాటిని హఫ్‌మన్ పద్ధతిలో రాస్తారు. 1986లో ఏర్పడిన నిపుణుల బృందం ఈ పద్ధతి ఆధారంగా 1992లో జేపెగ్ ప్రమాణాన్ని తెచ్చింది.

ప్రశ్నపత్రంలో తికమక పెట్టే చోటు ఒకటుంది. నష్టం ట్రాన్స్‌ఫామ్ వల్ల రాదు. తర్వాత సంఖ్యలను గుండుగుత్తగా సవరించే దశలో వస్తుంది. దాన్ని క్వాంటైజేషన్ అంటారు. మన కన్ను రంగు తేడాల కంటే వెలుగు తేడాలను బాగా పడుతుంది కాబట్టి రంగు సమాచారాన్ని మరింత తగ్గిస్తారు. అంటే మనిషి కన్ను గమనించనిదే ఇక్కడ చిట్టెం.

6. చిట్టెం అనుకున్నది ఇనుమైతే

ముఖానికి సరిపోయిన కొలత కాగితానికి సరిపోదు. నుదురు మీద వెలుగు నెమ్మదిగా మారుతుంది. తెల్ల కాగితం మీద నల్ల అక్షరం అంచు ఒక్కసారిగా మారుతుంది. ఆ వేగమైన మార్పులను సున్నా చేస్తే అక్షరాల చుట్టూ మసక కమ్ముతుంది. మన తెలుగులో 'ద' కింద చిన్న గీత వస్తే 'ధ'. గుడి కొస కొంచెం తిరిగితే గుడిదీర్ఘం. ఇంగ్లిష్ అక్షరం తట్టుకునే మసకను మన లిపి తట్టుకోలేదు.

అక్షరాలున్న కాగితాలకు వేరే పద్ధతులు ఉన్నాయి. వాటిలో ఒకటైన జేబిగ్-2లో ఒకేలా కనిపించే అక్షరాల బొమ్మల్లో ఒకదాన్నే దాచి, మిగిలినచోట్ల దాన్నే వాడే వెసులుబాటు ఉంది. 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ ఒక భవనం ప్లాన్‌ను జిరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రంలో స్కాన్ చేసినప్పుడు గదుల విస్తీర్ణాల అంకెలు మారిపోయినట్టు గమనించారు. కాగితం మీద ఒక అంకె, స్కాన్‌లో మరో అంకె. 6 ఉన్నచోట 8 వచ్చిన ఉదాహరణలూ బయటపడ్డాయి. యంత్రం ఆ రెండింటినీ ఒకటే అనుకుంది. కంపెనీ తర్వాత సాఫ్ట్‌వేర్ సవరణ విడుదల చేసింది.

ఇందులో ప్రమాదం ఏమిటో చూడండి. జేపెగ్ ఎక్కువగా కుదిస్తే అంకె మసకబారుతుంది. చదవలేకపోతున్నామని మనకు తెలుస్తుంది. ఇక్కడ తప్పు అంకె స్పష్టంగా, అందంగా కనిపిస్తుంది. అనుమానమే రాదు. సర్వే నంబరు 136 కాస్తా 186 అయితే భూమి ఎవరిది?

7. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుభవం: కార్డ్

ఈ ప్రశ్న మన రాష్ట్రాలకు కొత్త కాదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం కింద దస్తావేజును సబ్-రిజిస్ట్రార్ కార్యాలయంలో పెద్ద పుస్తకాల్లోకి చేత్తో నకలు రాసేవారు. దానికి రోజులు పట్టేది. దస్తూరీ అర్థం కాకపోయినా, కాగితం చెదపట్టినా హక్కుకే చిక్కు.

1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కార్డ్ ప్రాజెక్టును ప్రారంభించింది. రిజిస్ట్రేషన్ శాఖ పాలనను కంప్యూటరీకరించడం దాని లక్ష్యం. 387 సబ్-రిజిస్ట్రార్ కార్యాలయాల్లో 214 చోట్ల మొదలైంది. ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ దీని రూపకర్త. చేతి నకలు స్థానంలో దస్తావేజును స్కాన్ చేసి బొమ్మగా దాచడం ఇందులో ప్రధాన మార్పు. విలువ లెక్కింపు, ఈసీ, సర్టిఫైడ్ కాపీ లాంటి పనులు రోజుల నుంచి గంటల్లోకి, నిమిషాల్లోకి తగ్గాయి. 2001లో కేంద్రం రిజిస్ట్రేషన్ చట్టంలో 16ఎ సెక్షన్ చేర్చి, రిజిస్టర్లను కంప్యూటర్ ఫ్లాపీలు, డిస్కెట్లు లేదా ఇతర ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచడానికి వీలు కల్పించింది.

ఆ రోజుల్లో ఫ్లాపీ సామర్థ్యం 1.44 ఎంబీ. సీడీ సామర్థ్యం సుమారు 650 ఎంబీ. అంత చిన్న చోటుల్లో పేజీల బొమ్మలు దాచాలంటే కుదించక తప్పదు. అయితే అక్కడ ఏది ఎలా దాచాలో శాఖ నిర్ణయించుకుంది. రైతు తన దస్తావేజును 50 కేబీకి కుదించుకుని రమ్మని ఎవరూ అడగలేదు. ఈ తేడా మనసులో పెట్టుకోండి.

8. నేటి వెబ్ అప్లికేషన్: లెక్క, పద్ధతి

పోర్టల్ పరిమితి ఎందుకు పెడుతుందో ముందు న్యాయంగా చూద్దాం. 10 లక్షల మంది దరఖాస్తు చేస్తారనుకుందాం. ఒక్కొక్కరు 3 ఎంబీ ఫోటో పెడితే మొత్తం సుమారు 3 టీబీ. 50 కేబీ పెడితే 50 జీబీ. 60 రెట్లు తేడా. చివరి రోజు లక్షల మంది ఒకేసారి వస్తే సర్వర్ కుదేలయ్యేది ఈ బరువుతోనే. కాబట్టి కుదింపు అవసరమే.

మరి ఎలా? మీ ఫోన్ కెమెరా 4000 పొడవు, 3000 వెడల్పు పిక్సెళ్లు తీస్తుందనుకోండి. అంటే 1.2 కోట్ల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు 3 బైట్లు చొప్పున 3.6 కోట్ల బైట్లు. దాన్ని 50 కేబీకి తేవాలంటే 720 వంతులు తగ్గించాలి. నాణ్యత గీతనే కిందికి లాగుతూ పోతే ముఖం గళ్లుగళ్లుగా మారుతుంది. దానికి బదులు ముందు ఫోటో కొలతను 350, 450 పిక్సెళ్లకు తగ్గిస్తే మిగిలేది సుమారు 4.7 లక్షల బైట్లు. ఇక 10 వంతులు కుదిస్తే చాలు. జేపెగ్ ఆ పని ముఖం చెడకుండా చేస్తుంది. ముందు కొలత, తర్వాత నాణ్యత: ఈ వరుస మన దరఖాస్తులకూ పనికొస్తుంది.

మంచి వెబ్ అప్లికేషన్ పాటించే పద్ధతులను క్లుప్తంగా రాసుకోండి.

- ఫోటోను మీ ఫోన్ బ్రౌజర్‌లోనే కుదించి పంపుతుంది. నందిని గనిలో క్రషర్ చేసేది ఇదే. డేటా ఖర్చు తగ్గుతుంది, సర్వర్‌కు బరువు తగ్గుతుంది.
- సర్వర్ చేరిన ఫైలును మళ్లీ తనిఖీ చేస్తుంది. బ్రౌజర్ నుంచి వచ్చిందని నమ్మదు. అక్షరాల ఫైళ్లను జిప్ తరహాలో నష్టం లేకుండా కుదిస్తుంది. జేపెగ్ ఇప్పటికే కుదించినది కాబట్టి దాన్ని మళ్లీ జిప్ చేసి సమయం వృథా చేయదు.
- సర్టిఫికెట్లకూ ఫోటోలకూ ఒకే కొలబద్ద పెట్టదు.
- జిప్ ఫైలు వస్తే విప్పే ముందు హద్దు పెడుతుంది. 42 కేబీ ఉండి, పూర్తిగా విప్పితే 4.5 పెటాబైట్లయ్యే "జిప్ బాంబు" గురించి సైబర్ భద్రతలో చదివే ఉంటారు.
- కుదించిన బొమ్మను దరఖాస్తుదారుకు చూపించి, "ఇది స్పష్టంగా ఉందా?" అని అడిగాకే భద్రపరుస్తుంది.

9. చట్టం ఏమంటుంది?

సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 7వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డులను దాచడం గురించి మూడు షరతులు పెట్టింది. రికార్డు తర్వాత చూసుకోవడానికి అందుబాటులో ఉండాలి. మొదట తయారైన, పంపిన లేదా అందిన రూపంలోనే ఉండాలి, లేదా ఆ సమాచారాన్ని కచ్చితంగా చూపుతుందని నిరూపించగల రూపంలో ఉండాలి. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ తేదీన, ఏ సమయంలో వెళ్లిందో తెలిపే వివరాలు ఉండాలి. రెండో షరతు మనకు కీలకం. చట్టం కుదింపును కాదనలేదు, కచ్చితత్వాన్ని వదులుకోనూ లేదు.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లో 63వ సెక్షన్ పాత 65బి స్థానంలో వచ్చింది. ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇచ్చే ధ్రువపత్రంలో ఇప్పుడు ఫైలు హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఒక్క బిట్ మారినా అది మారుతుంది. జిప్ చేసి విప్పితే ఫైలు అదే, హాష్ అదే. జేపెగ్‌ను మళ్లీ కుదిస్తే కంటికి తేడా కనిపించకపోయినా హాష్ వేరు. కాబట్టి సాక్ష్యమయ్యే అవకాశమున్న ఫైలు విషయంలో అసలును అలాగే ఉంచి, చూడటానికి మాత్రం కుదించిన నకలు వాడాలి.

ఇంకో కోణం గోప్యత. ఫోన్ ఫోటోలో తీసిన సమయం, ఒక్కోసారి తీసిన చోటు కూడా దాగి ఉంటాయి. దరఖాస్తు ఫోటోలో అవి అక్కరలేదు. అవసరమైన మేరకే సమాచారం తీసుకోవాలన్నది డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ఉద్దేశం కూడా. కానీ ప్రమాద స్థలం ఫోటోలో ఆ సమయం, ఆ చోటే సాక్ష్యం. ఒక చోట చిట్టెం, మరో చోట ఇనుము.

10. అసలు ప్రశ్న: భారం ఎవరి మీద?

ఇప్పుడు మొదటికి వద్దాం. "50 కేబీ లోపు పెట్టండి" అని పోర్టల్ చెప్పి ఊరుకున్నప్పుడు ఏమవుతుంది? కంప్యూటర్ తెలిసినవాళ్లు నిమిషంలో చేసుకుంటారు. మిగిలినవాళ్లు ఇంటర్నెట్ సెంటర్‌కు డబ్బు కడతారు. లేదా ఉచితంగా ఫైలు తగ్గించే వెబ్‌సైట్ వెతికి, ఆధార్, పదో తరగతి మార్కుల జాబితా, కుల ధ్రువీకరణ పత్రం అన్నీ అందులో పెడతారు. ఆ సైట్ ఎవరిదో, ఏ దేశంలో ఉందో, ఫైలును ఎన్నాళ్లు దాచుకుంటుందో తెలియదు. ప్రభుత్వం తన సర్వర్‌లో కొన్ని ఎంబీలు ఆదా చేసుకోవడానికి పౌరుడి గుర్తింపు పత్రాలు దారిలో ఎవరి చేతికో వెళ్తున్నాయి. డిజిటల్ అంతరం అనగానే మనం నెట్ ఉందా, ఫోన్ ఉందా అని రాస్తాం. రెండూ ఉన్నా, ఈ చిన్న నైపుణ్యం లేక దరఖాస్తు ఆగిపోవడం కూడా డిజిటల్ అంతరమే.

సాంకేతికంగా దీనికి పరిష్కారం ఉంది. కుదింపు బ్రౌజర్‌లోనే జరిగితే పత్రం మూడో మనిషి చేతికి వెళ్లదు. 2015లో మొదలైన డిజిలాకర్ ఇంకో దారి చూపింది. పత్రం జారీచేసిన సంస్థ నుంచే నేరుగా వస్తే స్కాన్ చేయడం, కుదించడం, మళ్లీ పరిశీలించడం అనే మూడు పనులూ తప్పుతాయి. పరీక్షా సంస్థలన్నీ ఆ దారికి మళ్లేవరకు, కనీసం కుదించే పని పోర్టలే చేయాలి. గనిలో రాయి పగలగొట్టేది ఉక్కు కర్మాగారం క్రషరే. రాళ్లను మీరే కొట్టుకుని సైజుకు తెమ్మని కార్మికుడి ఇంటికి పంపరు కదా.

ఏది పారేయాలన్న నిర్ణయంలో ఎప్పుడూ ఒక బాధ్యత ఉంటుంది. ఆ బాధ్యత తెలిసినవాళ్లు తీసుకోవాలి, తప్పు జరిగితే జవాబు చెప్పగలవాళ్లు తీసుకోవాలి. రేపు మీలో ఎవరో ఒకరు ఒక శాఖకు ఆన్‌లైన్ దరఖాస్తు రూపొందించే ఫైలు మీద సంతకం పెడతారు. అప్పుడు "గరిష్ఠ సైజు" అనే గడి ఖాళీగా ఎదురవుతుంది. అందులో అంకె రాసే ముందు, కుదించేది ఎవరని ఒక్కసారి అడగండి.

త్వరిత పునశ్చరణ

- 1948: షానన్ వ్యాసం, ఎంట్రోపీ భావన
- 1952: హఫ్‌మన్ సంకేతాలు
- 1974: అహ్మద్, నటరాజన్, రావు, డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్
- 1977, 1978: లెంపెల్, జివ్
- 1992: జేపెగ్ ప్రమాణం
- 1996: పీఎన్‌జీ ప్రమాణం
- 1998: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్డ్
- 2000: ఐటీ చట్టం, 7వ సెక్షన్
- 2001: రిజిస్ట్రేషన్ చట్టంలో 16ఎ
- 2013: స్కానర్లలో అంకెలు మారిన ఉదంతం
- 2023: సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్, హాష్ విలువ (2024 నుంచి అమలు)

సాధనకు ప్రశ్న (250 పదాలు, 15 మార్కులు)

"ఈ-గవర్నెన్స్‌లో సాంకేతిక పరిమితుల భారాన్ని పౌరుడి మీదికి నెట్టడం సేవలను దూరం చేస్తుంది." ఆన్‌లైన్ దరఖాస్తుల్లో పత్రాల అప్‌లోడ్ నిబంధనలను ఉదాహరణగా తీసుకుని, గోప్యత, సాక్ష్య విలువ, సమాన అవకాశం అనే మూడు కోణాల్లో చర్చించండి.

జవాబు రాసి చూసుకోండి. ఈ వారం ఏ నోటిఫికేషన్‌కు దరఖాస్తు చేస్తున్నా, ఫోటో, సంతకం, సర్టిఫికెట్ల అసలు ఫైళ్లు ఒక ఫోల్డర్‌లో, కుదించినవి వేరే ఫోల్డర్‌లో పెట్టుకోండి. నష్టసహితంగా కుదించిన ఫైలు నుంచి అసలు తిరిగి రాదు.